సూదిమందుకో రీలు

ఆసుపత్రి వార్డుల్లో నర్సులు రీల్స్ తీయడం తప్పని గోల చేసేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుందండీ! పూర్వం మన జ్వరం సంగతి పక్కింటివాళ్ళకి తెలియాలంటే వాళ్ళు పనిగట్టుకుని వచ్చి, కాఫీ తాగి వెళ్ళాలి. ఇప్పుడో? మనం మంచమెక్కేలోపే ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా చేతులు జోడించిన బొమ్మలు పెట్టేస్తున్నారు. ఇంతకు మించిన ఆరోగ్యసేవ ఎక్కడైనా ఉందా?

కాదంటారా? అయితే తాడేపల్లిగూడెంలో లిడియా సిస్టర్ సంగతి వినండి.

లిడియాది కామవరపుకోట దగ్గర ఓ పల్లె. వాళ్ళ నాన్న కృపానందం గారు బడిపంతులు. గూడెంలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఆమె స్టాఫ్ నర్సు. ఆమె సూది వేస్తే, వేసిందా లేదా అని జనం చెయ్యి తడుముకుని చూసుకునేవారు. ఆమె డ్యూటీ ఎప్పుడో కనుక్కుని మరీ వచ్చేవారు.

ఆ ఆసుపత్రికి అచ్యుతరావని కొత్త మేనేజరు దిగాడు. అంతకుముందు తణుకులో ఓ చీరల షాపుకి పబ్లిసిటీ చూసేవాడు. చీరయినా చికిత్సయినా జనం కంట్లో పడితేనే అమ్ముడవుతుందని ఆయన సిద్ధాంతం. డ్యూటీకో రీలు తీయాలని నర్సులందరికీ చెప్పాడు. తీయనివాళ్ళకి వరసపెట్టి నైట్ డ్యూటీలే.

లిడియా మొదట చేతులు శుభ్రంగా కడుక్కోవడం ఎలాగో తీసింది. దాన్ని తోటి నర్సులు తప్ప ఎవరూ చూడలేదు. వాళ్ళయినా మొహమాటానికే. అచ్యుతరావు పెదవి విరిచి, ఇందులో ఎమోషన్ లేదమ్మా అన్నాడు.

ఆ ఎమోషన్ కొల్లేరు నుంచి కారెక్కి వచ్చింది.

అబ్బాయిరాజు గారు చేపల చెరువుల ఆసామి. ఆరడుగుల మనిషి. ఆయన మీసం చూస్తే, వాలబోయిన కొంగ కూడా మనసు మార్చుకుని పక్క చెరువుకి పోతుందని చెప్పుకుంటారు. వల లాగుతుంటే జెల్ల చేప ముల్లు అరచేతిలో దిగబడి, చెయ్యి సొరకాయలా వాచింది. ముల్లు దిగినప్పుడు ఆయన కిక్కురుమనలేదట. లిడియా సిరంజి బయటికి తీసేసరికి మాత్రం మంచం కమ్మీ పట్టుకుని, 'అమ్మా' అంటూ చంటిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చారు.

లిడియా ఆయన్ని బుజ్జగిస్తూనే సూదిమందు వేసింది. సెలైన్ స్టాండుకి ఆనించిన ఫోను తన పని తను చేసుకుపోయింది. ఆ వీడియో పెట్టేముందు ఆయన్ని ఒక్కమాట అడగాలని ఆమెకి తోచింది. అడిగితే వద్దంటారని కూడా తోచింది. అందుకని అడగలేదు. వెనకాల ఓ జోలపాట తగిలించి వదిలేసింది.

తెల్లారేసరికి లక్షలమంది చూసేశారు. అచ్యుతరావు రిసెప్షన్ దగ్గర లిడియా చేత కేకు కోయించాడు.

అప్పుడే రాజుగారు చేపల రైతుల సంఘం ఎన్నికల్లో అధ్యక్ష పదవికి నిలబడి ఉన్నారు. ఎదుటి పక్షంవాళ్ళు ఉపన్యాసాలన్నీ మానేసి, ఆటోకి మైకు కట్టి ఆ జోలపాటే చెరువుగట్ల వెంట తిప్పారు. రాజుగారు ఓడిపోయారు. ఆ తర్వాత గడప దాటడం మానేశారు. ఆపైన నర్సింగ్ కౌన్సిల్‌కి ఫిర్యాదు పెట్టారు.

తప్పుడు మందు ఇస్తేనో, తాగి డ్యూటీకి వస్తేనో నర్సు లైసెన్సు లాంటి రిజిస్ట్రేషన్ పోతుందని లిడియాకి తెలుసు. పేషెంటు కన్నీళ్ళు బయటపెట్టినా పోతుందని విచారణలోనే తెలిసింది. మేనేజరు తీయమన్నారని చెప్పింది. రీల్స్ తీయమన్నమాట నిజమేగానీ పేషెంట్లని తీయమని తను ఎన్నడూ అనలేదని అచ్యుతరావు తేల్చేశాడు.

రాజుగారిని అడిగితే ఆయన విచారణకి కూర్చున్న కౌన్సిల్ పెద్దల వైపు చూడలేదు. లిడియా వైపే తిరిగారు.

"ఓడిపోయానని కాదమ్మా. మా ఆవిడ ముందు కూడా నేనెప్పుడూ ఏడవలేదు. నర్సమ్మ దగ్గర ఏడిస్తే ఆ గది దాటిపోదులే అనుకున్నాను."

లిడియా దగ్గరున్న సంజాయిషీలన్నీ ఆ మాటతో ఆవిరైపోయాయి. "తప్పు నాదేనండీ," అంది.

ఏడాదిపాటు రిజిస్ట్రేషన్ సస్పెండ్ చేశారు. ఆమె కాదనలేదు.

సామాన్లు తెచ్చుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళింది. బ్యాగు పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగింది. సాయంత్రానికల్లా అచ్యుతరావు కొత్త రీలు వచ్చింది. 'పేషెంట్ల ప్రైవసీయే మాకు ప్రాణం' అని పెద్ద అక్షరాలు, వెనకాల విషాద సంగీతం, మధ్యలో మెట్లు దిగుతున్న లిడియా. రాజుగారి ఏడుపుకన్నా దీన్నే ఎక్కువమంది చూశారు.

లిడియా కౌన్సిల్ ఆఫీసుకి ఫోన్ చేసింది. ఒకరిని అడక్కుండా వీడియో పెడితే లైసెన్సు పోతుంది కదండీ, మరి మా మేనేజరుగారిది ఎప్పుడు తీసేస్తారని అడిగింది.

అవతల గుమాస్తా చాలా మర్యాదస్తుడు. "ఆయనకి లైసెన్సంటూ ఉంటే కదమ్మా తీసేయడానికి!" అన్నాడు.

కాబట్టి తల్లిదండ్రులారా, మీ పిల్లల్ని నర్సింగ్‌లో చేర్పించి వాళ్ళ బతుకు పాడుచేయకండి. మేనేజర్లని చేయండి. సూదులంటారా? అవి వేయడానికి ఎవరో ఒకరు దొరక్కపోరు!