టీవీ బల్ల కింద కొత్త కట్టడం

ఇంట్లో హాలు అనేది ప్రజాస్థలం. అందులో ఒక మేకు కొట్టాలన్నా సంబంధిత అధికారి అనుమతి ఉండాలి. ఆ అధికారిని నేనే. (ఈ పదవికి జీతం లేదు, సెలవు లేదు, రిటైర్మెంటూ లేదు. అందువల్ల పోటీ కూడా లేదు.)

ఈ పరిభాష నాకు మావారి వల్ల అబ్బింది. ఆయన ఇళ్ల ప్లాన్లు మంజూరు చేసే ఆఫీసులో పనిచేస్తారు. మంజూరు చేస్తారనడం కంటే, తొందరపడి మంజూరు కాకుండా చూస్తారనడం న్యాయం. ఎవరు ఇంటిచుట్టూ గాలికి ఎంత ఖాళీ వదిలారో, ఎవరి కిటికీ ఎటు తెరుచుకుంటుందో, ఎవరి పొగ ఎటు పోతుందో ఆయనకు ఒక్క చూపుతో తెలిసిపోతుంది. మా వంటింటి విషయంలోనే ఆ చూపు కాస్త మందగిస్తుంది.

మా వంటింటికి ఉన్నది ఒకే కిటికీ. దానికి ఎదురుగా పక్కవాళ్ల గోడ. నాలుగు మిరపకాయలు వేగాయంటే పొగ కిటికీ దాకా వెళ్లి, గోడను చూసి, వెనక్కి తిరిగి హాల్లోకి వస్తుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించమని ఈ ఇంట్లో దిగిన కొత్తలోనే అడిగాను. "పరిశీలనలో ఉంది" అన్నారు. అప్పుడు మా అమ్మాయి గోడ పట్టుకుని నడక నేర్చుకుంటోంది. ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది. ఫైలు మాత్రం ఇంకా పరిశీలనలోనే ఉంది. (అంత లోతుగా పరిశీలిస్తున్నారన్నమాట.)

ఇలా ఉండగా తండ్రీకూతుళ్లు ఒక ప్రకటన చేశారు. టీవీ కింద అరలో పట్టేంత చిన్న గేమింగ్ కంప్యూటర్ని, తక్కువ ఖర్చులో, సొంతంగా తయారు చేస్తారట.

"విడిభాగాలు తెచ్చుకుని మనమే బిగించుకుంటే సగానికి సగం ఆదా" అన్నారు మావారు. ఆయన స్వహస్తాలతో బిగించిన కుళాయి ఇప్పటికీ బొట్టు బొట్టుగా ఆయన్ని తలుచుకుంటూనే ఉంది.

ఈ రంగంలో ఒక విచిత్రమైన చట్టం ఉంది. వస్తువు ఎంత చిన్నదైతే ధర అంత పెద్దది. కంప్యూటర్ షాపాయన ఓపిగ్గా వివరించాడు.

"చిన్న పెట్టె కదా మేడమ్, బోర్డు కూడా చిన్నది కావాలి. అది కాస్త ఖరీదు. దానికి పవర్ సప్లై చిన్నది కావాలి. అది ఇంకాస్త ఖరీదు."

"అంటే అసలేమీ కొనకపోతే దివాలా తీస్తామన్నమాట" అన్నాను.

ఆయన నవ్వలేదు. బిల్లు వేసే మనిషి నవ్వకూడదని అక్కడ నియమం ఉండి ఉంటుంది. "ఫ్యాన్లు మాత్రం మూడు కలిపి తీసుకుంటే చవక" అన్నాడు. పెట్టెలో పట్టేవి రెండే. అయినా చవక చవకే కాబట్టి మూడూ ఇంటికొచ్చాయి.

సామానంతా వచ్చాక గానీ వాళ్లకు స్థలం సంగతి గుర్తురాలేదు. ఆ అరలో నా కుట్టు సామాను ఉంటుంది. మావారు వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"ఇదిగో, ఆ అర కాస్త ఖాళీ చేసిపెడతావా?"

"ప్లాన్ తెచ్చారా?"

"ఏం ప్లాన్?"

"కట్టడం ప్లాన్. రెండు కాపీలు. అధికారి ఇప్పుడు సీట్లో లేరు, భోజనాలయ్యాక రండి."

నవ్వేసి ఊరుకుంటారనుకున్నాను. పాపం, అలవాటైన ప్రాణం, నిజంగానే గీసుకొచ్చారు. ఉత్తరం దిక్కు గుర్తించలేదని వెనక్కి పంపాను.

"టీవీ బల్లకి ఉత్తరం దిక్కెందుకు?"

"మీ ఆఫీసులో ఎందుకు అడుగుతారు?"

"అది పద్ధతి."

"ఇక్కడా పద్ధతే."

"అర్జీ పెట్టుకునే వైపు నిలబడితే ఎలా ఉంది నాన్నా?" అంది మా అమ్మాయి సోఫాలోంచి.

"నువ్వూరుకో. మీ అమ్మ చేతిలో ఏదో ఒకటి పెడితే పనైపోతుంది" అన్నారాయన గొంతు తగ్గించి. (నాకు వినబడింది. వినబడనట్టు ఉండటం ఉద్యోగధర్మం.)

రెండోసారి తెచ్చిన ప్లాన్‌లో ఉత్తరం దిక్కుతో పాటు బాణాలు కూడా ఉన్నాయి. "ఇటునుంచి చల్లగాలి వస్తుంది, అటునుంచి వేడి పోతుంది. గాలాడకపోతే లోపలి భాగాలు పాడైపోతాయి, చాలా సున్నితం" అని ఎంతో ఆప్యాయంగా చెప్పారు. పొయ్యి ముందు చెమట తుడుచుకుంటూ విన్నాను.

"ఒకే కప్పు కింద గాలి కోసం రెండు అర్జీలున్నాయి. సీనియారిటీ ప్రకారం వంటింటిది ముందు" అన్నాను.

సీనియారిటీ అన్న మాటకు ఆయన తల దానంతటదే వంగింది. "సరే, నీ ఫ్యానూ వస్తుంది. ముందు దీనికి తాత్కాలిక అనుమతి ఇవ్వు."

ఇచ్చాను. (నోటిమాట మీద. ప్రతి ఆఫీసులోనూ ఒక బలహీన క్షణం ఉంటుంది.)

పెట్టె వెలిగింది. హాల్లో కార్లు పరిగెత్తాయి. మావారు ఒక మలుపు తిప్పి, రెండో మలుపులో గోడకు గుద్దారు. అంతలో తెర నల్లబడింది.

"వేడెక్కిపోయింది పాపం" అన్నారు, జ్వరం చూసినట్టు పెట్టె మీద చెయ్యి వేసి. "అంత ఇరుకులో, గాలి లేకుండా, ఏదైనా ఎంతసేపని పనిచేస్తుంది?"

"అర్జీ పెట్టుకోమనండి" అన్నాను.

పెట్టుకోలేదు. సాయంత్రానికల్లా, నేను ఏరికోరి కొనుక్కున్న టీవీ బల్ల వెనక చెక్కకు ఇంత కంత కోసేశారు. అడగలేదు, చెప్పలేదు. అక్రమ కట్టడాన్ని సక్రమం చెయ్యాలంటే జరిమానా ఉంటుందని ఆయన శాఖే అంటుంది. విధించాను: వంటింటికి వెంటనే ఫ్యాన్.

మర్నాడే వచ్చింది. షాపులో చవగ్గా వచ్చి మిగిలిపోయిన ఆ మూడో ఫ్యాను. అరచేయంత ఉంటుంది. మా అమ్మాయి దాన్ని పాత ఫోన్ చార్జరుకు తగిలించి కిటికీ ఊచలకు కట్టింది.

"నన్ననకమ్మా, నాన్న కట్టమన్నారు" అంది.

తిరుగుతున్నంతసేపూ అది ఏడు రంగుల్లో వెలుగుతుంది. మావారు చేతులు కట్టుకుని తనిఖీ చేసి, ఫోన్లో మా ఇంటి గ్రూపులో 'సమస్య పరిష్కరించడమైనది' అని పెట్టారు.

పొగ ఎప్పటిలాగే గోడను చూసి వెనక్కి వస్తోంది. కాకపోతే ఇప్పుడు రంగుల్లో వస్తోంది. వచ్చి హాల్లోకి వెళ్తే, అక్కడ టీవీ బల్ల కంత దగ్గర పెట్టెలోని రెండు మంచి ఫ్యాన్లు దాన్ని శ్రద్ధగా లోపలికి పీల్చుకుంటున్నాయి. ఈ ఇంట్లో పొగకు ఒక దారి దొరకడం ఇదే మొదలు. ఆ సంతోషంలో వారం పొడుగునా అన్నీ వేపుళ్లే చేశాను.

ఆదివారం పెట్టె మళ్లీ ఆగిపోయింది. మావారు మూత విప్పి, లోపల చెయ్యి పెట్టి, వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. వేలు చూపించారు.

"లోపలంతా నూనె జిడ్డు. దీనికేదైనా చెయ్యాలి."

రంగులు మారుతున్న వెలుగులో ఆయన వేలిని అటూ ఇటూ తిప్పి చూశాను.

"పరిశీలనలో ఉంది" అన్నాను.