సగం వెండి నాణెం

హిందూపురంలో పాత వెండి కొనే ఆదెప్ప చేతిలో ఆ ఉదయం ఉన్న సరుకు ఒకటే. ఒక సైనిక దళానికి రెండు వందల ఏళ్ళు నిండినప్పుడు సర్కారు వేసిన వెండి నాణెం. దాన్ని పెనుకొండలోని మాజీ సైనికుడు ఓబుళప్ప దగ్గర ఆరు వేలకు కొన్నాడు. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి చంద్రమోహన్‌కు ఇలాంటివి కూడబెట్టే సరదా ఉంది. పది వేలు ఇస్తానన్నాడు. రైలెక్కి వెళ్ళి అమ్మి రావడమే పని.

కానీ ఒక సంగతి ఆదెప్పను పొడుస్తూనే ఉంది. ఓబుళప్ప బేరమాడలేదు. బేరమాడకుండా అమ్మేవాణ్ణి నమ్మడం ఎలా? నాణెం అంచును గీటురాయి మీద గీసి, వెండి పాలు తేల్చే మందు చుక్క వేశాడు. వెండి సగమే ఉంది.

ధర్మవరానికి రైలెక్కినవాడు దారిలో పెనుకొండలోనే దిగేశాడు.

"సగం రాగి కలిపింది నాకు అంటగట్టినావు గదప్పా," అన్నాడు ఓబుళప్ప ఇంటి ముందు, వీధి వాళ్ళంతా వినేటట్టు.

"బార్డర్లో నిలబడినోణ్ణి, ఆరువేలకు దొంగనైతానా? బోరు మోటరు కాలిపోయి అమ్మితి. నీ దుడ్లు నువ్వు తీసుకో." ఓబుళప్ప డబ్బు తెచ్చిచ్చి, నాణేన్ని వెనక్కి తీసుకుని తిప్పి చూశాడు. "ఇది నాదేనా, మార్చినావా?"

డబ్బు చేతికొచ్చినా ఆదెప్పకు ఇంకో అనుమానం పుట్టింది. పది వేలని ఆశపెట్టి కొనిపించింది చంద్రమోహనే కదా. ఇద్దరూ ఒకటేమో. నిలదీయడానికి ధర్మవరం వెళ్ళాడు.

చంద్రమోహన్ అంతా విన్నాడు. "సర్కారు వేసేదే సగం వెండితో, ఆదెప్పన్నా. అంతా వెండే అయింటే దొంగదని నేనే ఎనక్కి పంపుదును. నాణెం యాడుండాది?"

ఆదెప్ప బయటికొచ్చి ఫోన్ చేశాడు. "ఓబుళప్పా, పొద్దున నోరు జారినా. ఏడువేలిస్తా, నాకే ఇచ్చెయ్."

"పొద్దున అది దొంగది. మధ్యాన్నానికే వెయ్యి పెరిగిందా? యాడుండావో చెప్పు, నేనే తెస్తా. కొనేటోన్ని చూడల్ల."

చెప్పక తప్పలేదు. సాయంత్రానికి ఓబుళప్ప చీరల అంగట్లో ఉన్నాడు. చంద్రమోహన్ భూతద్దం పెట్టి నాణేన్ని చూశాడు.

"అసలుదే. కానీ అంచున ఎవరో గీసినారు. పదివేలు కాదు, తొమ్మిదే ఇస్తా."

ఓబుళప్ప తొమ్మిది వేలూ జేబులో పెట్టుకుని ఆదెప్ప ముందు చేయి చాచాడు. "గీసినోడివి నువ్వు. తగ్గిన వెయ్యి నువ్వే కట్టు."

"న్యాయమే గదన్నా," అన్నాడు చంద్రమోహన్.

తిరుగు రైల్లో ఆదెప్ప లెక్క చూసుకున్నాడు. ఆరు వేలలో ఐదు మిగిలాయి. అవి ఓబుళప్ప చేతి నోట్లు కాబట్టి ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూశాడు. అన్నీ మంచివే. ఆ రోజుకు లాభం అంతే.