ఒక బకెట్టు సున్నం

సమాధుల పండుగ నాటి పొద్దున్న జ్ఞానరత్నం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. అక్క ఎలీసమ్మ శ్రీకాకుళం నుంచి ఈ బెంగాలీ రైల్వే ఊరికి వచ్చి బండి దిగేలోపు సమాధుల తోటకు వెళ్లి, అమ్మ సమాధికి వెల్ల వేసి, ఇంటికొచ్చి స్నానం చేసి, ఏమీ ఎరగనివాడిలా స్టేషన్లో నిలబడాలి. కిందటేడు పండక్కి ఆవిడ వచ్చేసరికి సమాధి మీద నాచు పట్టి ఉంది. "అమ్మ పేరు కనబడకండా పోనా నీకు సీమ కుట్టినట్టయినా లేదేట్రా?" అని అడిగి, అక్క ఆనాటి నుంచి మాట మానేసింది. ఫోను చేస్తే ఎత్తదు. వస్తున్నట్టు కూడా అతని భార్యకే చెప్పింది. రిటైరైన రైల్వే గార్డు జ్ఞానరత్నాన్ని "ఒరే" అని పిలిచే మనిషి ఈ లోకంలో ఇంకొకరు లేరు. ఆ పిలుపు వినక ఏడాదిగా అతనికి అన్నం సహించడం లేదు.

"మంచు దట్టంగా ఉన్నాది. ఎండెక్కినాక ఎల్లకూడదేటండీ?" అంది భార్య సుజాతమ్మ.

"ఎండెక్కేసరికి అక్క బండి ముందు స్టేషను హిజ్లీ దాటేస్తాది. జీవితమంతా బ్రేక్ వ్యాన్లో మంచు తాగినోణ్ని, నన్ను బెదిరిస్తావేటి?" అని బకెట్టు, కుంచె పట్టుకుని తాల్‌బగీచా పేట దాటి బయల్దేరాడు.

తోటలో అడుగు ముందున్నది కనబడటం లేదు. యార్డులో గూడ్సు వేసిన కూత కూడా దూదిలోంచి వచ్చినట్టు వినిపిస్తోంది. కాగితంపూల చెట్టు కింద పక్కపక్కనే రెండు సమాధులు. రెంటి మీదా నాచే. ఒకటి అమ్మది. రెండోది వెనకటి కాలపు గార్డు సత్యవేదానిది. ఆయన యార్డులో జారిపడి ఎడమ కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చినా ఆస్పత్రికి పోకుండా ఇంట్లోనే కట్టు కట్టించుకున్నాడు. పుండు చీము పట్టింది, ఎముక వంకరగా అతుక్కుంది, కాలు పొట్టిదైపోయింది. పోయేదాకా ఆ కాలు ఈడ్చుకుంటూనే నడిచాడు. పోయాక కూడా మంచు రోజుల్లో నడుస్తాడని ఊళ్లో చెప్పుకుంటారు. జ్ఞానరత్నం అలాంటివి నమ్మడు. అంటే, ఎండలో నమ్మడు.

చెట్టు కొమ్మను తడిమి చూసుకుని, ఇదే అమ్మది అనుకుని వెల్ల మొదలుపెట్టాడు. సగం పనిలో ఉండగా చెట్టు అవతల ఏదో చప్పుడైంది. టక్... సర్ర్. టక్... సర్ర్. కుక్క తాటాకు ఈడుస్తోందని తనకు తానే చెప్పుకుని, గబగబా ముగించి, కుంచె సమాధి మీద పెట్టి, ఎలా ఉందో చూసుకోవడానికి రెండడుగులు వెనక్కి వేశాడు. రెండో అడుగు కింద నేల లేదు. ఎప్పటిదో కుంగిపోయిన గొయ్యిలోకి కుడి పక్కకు ఒరిగి పడ్డాడు. చేతిలోని బకెట్టు అడుగున మిగిలిన సున్నం నెత్తి మీద పడింది. తుంటి లోపల ఏదో టక్కుమంది.

మొహం తుడుచుకుని కాలివేళ్లు ఆడించి చూశాడు. ఆడాయి. లేచి చూశాడు. లేవగలిగాడు. వాపు లేదు, వంకర లేదు. గజ్జల్లో మొదలైన నొప్పి మోకాలిదాకా పాకుతోంది, అంతే. "ఇరిగితే నిలబడగలనేటి? నరం పట్టినాది," అని తీర్పు చెప్పేసుకుని, కుడి కాలు ఈడ్చుకుంటూ గేటు వైపు నడిచాడు.

గేటు దగ్గర బంతిపూలమ్మే చిట్టెమ్మ కనిపించింది.

"సిట్టెమ్మా, కాస్త సెయ్యియ్యి!"

చిట్టెమ్మ తలెత్తింది. ఆమె చూపు అతని మీద ఆగలేదు. అతని భుజం మీదుగా వెనక్కి పోయింది. మరుక్షణం బుట్ట వదిలేసి కేక పెట్టి పరుగందుకుంది. మడమ మెలిపడి దభీమని పడింది, లేచి ఒంటికాలితో గెంతుతూ మంచులో కలిసిపోయింది.

జ్ఞానరత్నం వెనక్కి తిరిగి చూశాడు. మంచు తప్ప ఏమీ లేదు. నడిచాడు. టక్... సర్ర్. అది తన కాలి చప్పుడే కదా అని ఆగాడు. తను ఆగాక చప్పుడు ఇంకొక్కసారి వినిపించి, అప్పుడు ఆగింది.

ఇంక అతనికి గార్డు గిరీ గుర్తు లేదు. "ఆగండర్రా! నన్నొదిలేసి ఎలిపోకండి!" అని అరుస్తూ చిట్టెమ్మ పోయిన దారినే పడ్డాడు. ఎదురుగా చర్చిలో డోలక్ వాయించే జాకబ్, కొవ్వొత్తుల సంచితో సైకిలు మీద వస్తున్నాడు. నెత్తి నుంచి కాళ్లదాకా సున్నం ఓడుతూ, కాలు ఈడ్చుకుంటూ, నన్నొదిలేసి పోవద్దని ఏడుస్తూ వస్తున్న ఆకారాన్ని చూసి, "యేసయ్యా!" అంటూ చేయి ఆనించి పడ్డాడు. లేచి, సైకిలు సంగతి మర్చిపోయి పరుగెత్తాడు. ఆహా, జాకబుకీ కనబడిందన్నమాట! అనుకుని జ్ఞానరత్నం ఇంకా భయపడ్డాడు.

అతను ఇల్లు చేరి నెత్తి కడుక్కునేసరికి వాడంతా గుప్పుమంది. సత్యవేదం లేచాడట. ఇద్దరి ఎముకలు విరగ్గొట్టాడట. సుజాతమ్మను స్టేషనుకు పంపి, ఇరుగుపొరుగు కదా, చూసి రావడం ధర్మమని జ్ఞానరత్నం టోటో బ్యాటరీ ఆటో ఎక్కి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాడు.

జాకబ్ మణికట్టు బోర్లించిన ఫోర్కులా వంగి ఉంది. చిట్టెమ్మ చీలమండ నీలంగా ఉబ్బింది. ఎముకలో వెంట్రుకంత పగులట.

"తెల్లగా ఉన్నాడు బావా," అన్నాడు జాకబ్. "కుడి కాలు ఈడ్సుకుంటా బయటికొచ్చినాడు. నన్నొదిలేసి ఎలిపోకండని ఏడ్సినాడు!"

"ఎడమ కాలు," అంది చిట్టెమ్మ. "సేతిలో కుంచె ఉన్నాది."

"నువ్వు సూసినావా, నేను సూసినానా?"

నన్నొదిలేసి ఎలిపోకండి... ఆ మాట ఎవరిదో జ్ఞానరత్నానికి బాగా తెలుసు. సంగతి బయటపడేలోపు జారుకుందామని లేచాడు. నాలుగడుగులు వేసేసరికి బెంగాలీ డాక్టరు పిలిచాడు.

"దాదా, ఆ నడకేంటి?"

"నరం, డాక్టర్ సాబ్."

ఎక్స్‌రే తీయించి, ఫిల్ము చూసి డాక్టరు అతన్ని స్ట్రెచరు మీదే ఉంచి వరండా తలుపు దగ్గరికి లాగించాడు. తుంటి ఎముక మెడ విరిగిందన్నాడు. విరిగిన ముక్కలు ఒకదాన్లో ఒకటి దిగబడటం వల్లే ఇంతదాకా నడవగలిగాడు. ఇంకొంచెం నడిస్తే విడిపోయేవి. పైముక్కకు రక్తం అందకపోతే మనిషి బతికుండగానే ఆ ఎముక లోపల చచ్చిపోతుంది. ఇవాళే స్క్రూలు వెయ్యాలి.

"కాలి వేళ్లు ఆడినాయి కద సాబ్!"

"వేళ్లు విరగలేదు కదా, దాదా."

చచ్చిన ఎముక మాట విన్నాక సంగతి దాచడానికి జ్ఞానరత్నానికి ధైర్యం చాలలేదు. వరండాలో ఉన్న ఇద్దరికీ అంతా చెప్పేశాడు. జాకబ్ మొదట తిట్టాడు, తర్వాత విరిగిన చేయి పట్టుకుని నవ్వలేక నవ్వాడు. చిట్టెమ్మ మాత్రం నవ్వలేదు.

"నిన్ను నేను పోల్సినానన్నయ్యా. సున్నం పూసుకుంటే మాత్రం నిన్ను సూసి నేనెందుకు పరిగెడతాను? నీ ఎనక ఇంకొకాయన..."

అప్పుడే అక్క లోపలికి వచ్చింది. వెనకే సుజాతమ్మ. బండి దిగగానే తోటకే పోదామని పట్టుబట్టి, అక్కడ్నుంచి నేరుగా వచ్చారు. ఎలీసమ్మ తమ్ముడి పక్కన కూర్చుని తల నిమిరింది. కళ్లు తుడుచుకుంది.

"ఒరే రత్నం, నా మీద కోపంతోనైనా ఎంత బాగా సేసినావురా. అమ్మ సమాధి అద్దంలాగ ఉన్నాది. పక్కాయనకి కూడా ఏసినావు. అతుకులతుకులుగా ఏసినావులే, నీ కుంచె కూడా దాని మీదే మర్సిపోనావు."

ఏడాదిగా ఆశపడిన పిలుపు చెవిన పడింది గాని, జ్ఞానరత్నం మనసు కుంచె దగ్గరే ఆగిపోయింది. కుంచె, తను వెల్ల వేసిన సమాధి మీదే కదా పెట్టాడు! నోరు మూసుకుంటే సరిపోతుంది. అక్క మళ్లీ మాట్లాడుతోంది. ఇంకేం కావాలి? కానీ అమ్మ పేరు చెప్పి అక్క దగ్గర అబద్ధమాడటం అతనికి చేతకాలేదు.

"అక్కా, నేనొక్కదానికే ఏసినాను. సున్నం అంతకే వచ్చినాది. మంచులో పొరపాటుపడి ఏసింది... ఆ పక్కాయనకే."

చిట్టెమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. ఎలీసమ్మ కిటికీ అవతల ఇంకా విడని మంచు వైపు చూసి, తమ్ముడి దుప్పటి సర్దింది.

"సరేలేరా. వచ్చే ఏడు కూడా నువ్వు ఆయనదే ఎయ్యి. అమ్మది ఆయన్నే ఎయ్యనీ."