హంసవేణి కాళ్ళమీది గీతలు

అడవి చాలా పెద్దది. దాని సభకు మాత్రం గుమ్మం ఒక్కటే. ఆ గుమ్మం దగ్గర పదిహేనేళ్ళుగా నిలబడి, వచ్చినవాళ్ళ పేర్లు గట్టిగా పిలిచే ఉద్యోగం హంసవేణిది. పేరు అలా ఉంది గానీ ఆవిడ కొంగ.

ఒకరోజు సభ కార్యదర్శి నక్క ఆవిడ కాళ్ళ వంక చూసి ఉలిక్కిపడింది.

"హంసవేణమ్మా, ఆ ఎర్ర గీతలూ నీలం గీతలూ ఏమిటి? కాళ్ళమీద సాలీడు గూడు కట్టినట్టుంది!"

"సన్నటి నరాలండీ. రోజంతా నిలబడేవాళ్ళకి వస్తాయట. నొప్పేమీ లేదు."

"నీకు లేదమ్మా, చూసేవాళ్ళకుంది! వానలు మొదలవగానే పొరుగడవి రాజుగారు వస్తున్నారు. ఈలోగా వాటిని పోగొట్టుకో. లేదంటే ఉద్యోగం పోగొట్టుకో."

అంతవరకూ హంసవేణి ఆ కాళ్ళను వాడుకుందే తప్ప, వాటి అందం ఎప్పుడూ చూసుకోలేదు.

పరుగున డాక్టర్ ముళ్ళపంది దగ్గరికెళ్ళింది. దాని సూదులన్నీ దాని వీపుమీదే ఉంటాయి. ఒకటి పీకి, మందు నింపి, గీత గీతకూ పొడిచింది. "బిగుతు మేజోళ్ళు వేసుకో. రోజూ నడు. అదేపనిగా నిలబడ్డావంటే మాత్రం కొత్తవి పుట్టుకొస్తాయి," అంది.

హంసవేణి అప్పటినుంచి గుమ్మం ముందు అటూ ఇటూ నడుస్తూనే పేర్లు పిలిచింది. నెలన్నరకు గీతలు మాయమయ్యాయి. ఆ నున్నటి కాళ్ళు చూసి సభంతా అసూయపడింది. నక్క వెంటనే గీతలున్నవాళ్ళకి ఉచితంగా సూదిమందంటూ 'సుందర పాద పథకం' ప్రకటించింది. అర్హత పత్రం కావాలంటే క్యూలో నిలబడాలి. కూర్చుంటే వరస పోతుంది.

లేడి వచ్చింది, దున్న వచ్చింది, ఏనుగూ వచ్చింది.

"నీ కాళ్ళమీద గీతలేవి మామా?" అంది కోతి.

"ముందు క్యూలో చోటు దొరకనీ, గీతలదేముంది!" అంది ఏనుగు.

అన్నట్టే వచ్చాయి. నెల్లాళ్ళు నిలబడేసరికి గీతలు లేని కాలే మిగల్లేదు. పక్కన నిలబడి అజమాయిషీ చేసిన నక్కకైతే నాలుగు కాళ్ళా వచ్చాయి.

పొరుగడవి సింహం రానే వచ్చింది. సభ్యుల కాళ్ళు చూసి కళ్ళు తిప్పుకోలేకపోయింది.

"ఆహా, ఏం ముగ్గులయ్యా! ఎవరేశారు?"

"మా తాతలనాటి ఆచారం ప్రభూ," అంది నక్క, రెప్ప వాల్చకుండా.

"మరి గుమ్మం దగ్గర ఆవిడ కాళ్ళేం అంత బోసిగా ఉన్నాయి?"

మర్నాడే సర్క్యులర్ వచ్చింది: 'గీతలు లేని కాళ్ళతో గుమ్మం దగ్గర ఎవరూ నిలబడరాదు.'

హంసవేణి దాన్ని ఒకసారి చదివింది. ఇంకోసారి చదివింది. కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. నవ్వీ నవ్వీ గుమ్మంలోనే చతికిలబడి, కాళ్ళు రెక్కల కిందికి ముడుచుకుంది.

"లే! ఏమిటీ వేషాలు?" అని అరిచింది నక్క.

"నిలబడకూడదని మీరే కదండీ సంతకం పెట్టారు!"

నక్క కాగితాన్ని తిరగేసి బోర్లేసి చూసింది. సంతకం తనదే.

ఆ రోజునుంచి హంసవేణి హాయిగా కూర్చునే పేర్లు పిలుస్తోంది. సభ్యులు మాత్రం వరసగా నిలబడి వింటున్నారు.

నీతి: తన కాళ్ళమీద తాను నిలబడటం ఒంటికి అంత మంచిది కాదు.