మణికట్టు మా నెట్‌వర్క్‌లో లేదు

మనిషి శరీరంలో అన్నిటికన్నా ఉన్నతమైన అవయవం మెదడని డాక్టర్లు ఇప్పటికీ నమ్ముతున్నారు. పాపం, వాళ్లు చదువుకున్న పుస్తకాలు పాతవి. మెదడుకు ఏం చెయ్యాలో, ఎప్పుడు చెయ్యాలో, అసలు చెయ్యాలో వద్దో నిర్ణయించే అవయవం ఇంకొకటుంది. దాని పేరు బీమా కంపెనీవారి ముందస్తు అనుమతుల విభాగం. అది ఎక్కడుంటుందో ఇంతవరకూ ఏ స్కానింగులోనూ కనబడలేదు. ఫోన్ చేస్తే మాత్రం దాని లోపలినుంచి పియానో వినిపిస్తుంది.

ఈ అవయవంతో మా కుటుంబానికి పరిచయం మా అక్క వెర్నా వల్ల కలిగింది. అమెరికా ఉత్తరాన, పెద్ద సరస్సు ఒడ్డునున్న మా డులూత్ ఊరి కొండవీధుల్లో స్కూలు బస్సు నడిపే వెర్నా లాహ్తిని ఎరగని పిల్లలు లేరు. మంచు తుఫాను వచ్చినా, ఓడకు దారివ్వడానికి వంతెన పైకి లేచినా, ఆమె బస్సు వేళకే వస్తుంది. ఒక ఆదివారం చర్చి ముందు గడ్డకట్టిన మంచు మీద జారిపడి, తలకు బొప్పి కట్టించుకుంది. "బొప్పికి కూడా ఆసుపత్రేంట్రా" అని దారి పొడుగునా సణుగుతూ నా పోరు పడలేక వచ్చింది. బొప్పికి ఏమీ కాలేదు. అయితే లోపల, మెదడులో ఎడమ పక్కన, ఒక రక్తనాళం గోడ పల్చబడి బుడగలా ఉబ్బి ఉందని బయటపడింది.

మెదడు రక్తనాళాలకు వైద్యం చేసే డాక్టర్ ఇంగ్రిడ్ థార్సన్ ఆ చిత్రాన్ని మాకు చూపించి, చుట్టూ తిప్పకుండా చెప్పింది.

"ఇది పగలకముందే మూసేద్దాం. తల తెరవక్కర్లేదు. మణికట్టు దగ్గర చిన్న రంధ్రం చేసి, రక్తనాళం లోపలనుంచే సన్నటి గొట్టాన్ని మెదడు దాకా పంపిస్తాను. ఆ బుడగ నిండా మెత్తటి ప్లాటినం తీగ చుట్టలు పెట్టేస్తాను. ఇంక రక్తం అందులోకి పోదు."

"మరి బస్సో?" అంది అక్క.

"అంతవరకూ బస్సు ఎక్కొద్దు."

"ఎక్కను లెండి. నడుపుతానంతే."

"అదే వద్దంటున్నాను వెర్నా."

మా అమ్మ ఇలాంటి బుడగ పగిలే పోయింది. యాలకుల రొట్టెకు పిండి పిసుకుతూ పిసుకుతూ "తల..." అంది, అంతే. అప్పటికి నాకు బూట్ల తాళ్లు కట్టుకోవడం కూడా రాదు. ఆ తాళ్లు కట్టి, చెవి మెలిపెట్టి, నన్ను మనిషిని చేసింది వెర్నాయే. పత్రికలో శనివారం శీర్షిక రాసేవాణ్ని కనుక భయాన్ని కూడా చమత్కారంగా చెప్పాలని చెయ్యి దురద పెడుతుంది గానీ, ఇందులో చమత్కారమేమీ లేదు. నాకు చాలా భయం వేసింది.

ఇక మన కథలో ఉన్నతావయవం ప్రవేశిస్తుంది. అక్క ఉద్యోగంతో పాటు వచ్చిన ఆరోగ్య బీమా కంపెనీ పేరు క్వయట్ పైన్ హెల్త్. (వాళ్ల ప్రకటనలో ఒక ముసలాయన పడవలో కూర్చుని నవ్వుతుంటాడు. ఆయనకు ఏ జబ్బూ ఉన్నట్టు కనబడదు. బహుశా అందుకే నవ్వుతున్నాడు.) డాక్టర్ థార్సన్ అనుమతి కోరింది. కంపెనీ సావధానంగా ఆలోచించి, తన సుప్రసిద్ధ మెట్లవారీ విధానాన్ని గుర్తుచేసింది. పెద్ద చికిత్స అడిగే ముందు చిన్న చికిత్స చేయించుకుని అందులో విఫలమై ఉండాలి. రోగి ఇంతవరకూ కనీసం వ్యాయామ చికిత్సయినా తీసుకోలేదు. ముందు అది కానివ్వండి.

రక్తనాళం చేత బస్కీలు తీయించడం ఎలాగో మాకు తెలియదు. అయినా వెర్నా చెప్పిన మాట వినే మనిషి. వ్యాయామం చేయించే ఎల్డన్ అనే కుర్ర వైద్యుడి దగ్గరికి వెళ్లాం. అతను స్కానింగు చూసి, చూసిన వెంటనే కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

"మేడమ్, మీరు మెడ తిప్పకండి. వంగకండి. బరువులవైపు చూడను కూడా చూడకండి."

"మరేం చెయ్యమంటావు నాయనా?"

"కాలివేళ్లు ఆడించండి." ఒక్క క్షణం ఆలోచించాడు. "మెల్లిగా."

కంపెనీ కోరినన్నాళ్లూ మా అక్క ఆ గదిలో కూర్చుని కాలివేళ్లు ఆడించింది. చివర్లో ఎల్డన్ నిజాయితీగా నివేదిక పంపాడు. బుడగలో మార్పు లేదు, వేళ్లు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి. కంపెనీ రెండో సగం చదివి సంతోషించింది. మంచి ఫలితాలు కనబడుతున్నాయి కాబట్టి రోగితో ఒకసారి మాట్లాడి చూస్తామంది.

ఇక్కడ మా ఊరి మర్యాద ఒకటి చెప్పాలి. మా వైపు సొంత బాధ పైకి చెప్పుకోవడం, ఎదుటివాడి ఇంట్లో అడక్కుండా ఫ్రిజ్ తెరవడం, రెండూ ఒకే కోవలోకి వస్తాయి. మా పక్కింటి ఆర్వో గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టబోయి, మంచు విరిగి ట్రక్కుతో సహా మునిగాడు. పైకి లాగేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. ఎలా ఉందిరా అంటే "ఇంతకంటే ఘోరంగా ఉండొచ్చు" అన్నాడు. (ట్రక్కు కొత్తది.) పెళ్లి చెడినా, చెయ్యి విరిగినా, ఇల్లు కాలినా మా దగ్గర అందరికీ ఈ ఒక్క వాక్యమే. అంతకంటే ఘోరం జరగలేదుగా, చాల్లే అని దానర్థం.

క్వయట్ పైన్ నుంచి ఫోన్ వచ్చింది. చేసిన అమ్మాయి పేరు టాన్యా. హోదా సంరక్షణ సహచరి.

"వెర్నా గారూ! ఎలా ఉన్నారండీ?"

"పర్లేదమ్మా. ఇంతకంటే ఘోరంగా ఉండొచ్చుగా. నీ గొంతేంటి అలా బొంగురుపోయింది? జలుబు చేసిందా ఏం?"

తక్కిన సంభాషణంతా టాన్యా జలుబు గురించీ, దానికి వేణ్నీళ్లలో తేనె ఎంత కలపాలన్న దాని గురించీ సాగింది. కంపెనీ నిర్ణయం త్వరలోనే వచ్చింది. రోగి తన పరిస్థితి ఫర్వాలేదని స్వయంగా ధ్రువీకరించారు. చికిత్స అవసరం కనబడదు.

నాకు తల తిరిగిపోయింది. (నా తలకు బీమా వేరే కంపెనీలో ఉంది.) వెంటనే అక్క వంటింట్లో శిక్షణా తరగతి పెట్టాను.

"ఇదిగో, నేను టాన్యాని. వెర్నా గారూ, ఎలా ఉన్నారు?"

"టాన్యావేంట్రా గడ్డం కూడా గీసుకోకుండా."

"అక్కా, ఆటలాడకు. ఎలా ఉన్నారు?"

"పర్లే..."

"ఆ మాట అనకు! తల పోటు పెడుతోంది, భయంగా ఉంది, నిద్ర పట్టట్లేదు. అలా చెప్పు."

"ముక్కూ మొహం తెలీని పిల్లరా. పాపం దానికే జలుబు. నా గోలంతా దాని నెత్తిన కుమ్మరించమంటావా? అమ్మ ఉంటే చెంప వాయించేది."

"అమ్మ దీనికే పోయిందక్కా."

అక్క కాఫీ పోయడం ఆపింది. కప్పు నిండలేదు, అయినా ఆపింది.

"నాకు మాత్రం భయం లేదనుకున్నావా ఏంట్రా రేనో? పొద్దున్నే బస్సు చప్పుడు వింటే కిటికీ దగ్గరికెళ్లి నిలబడుతున్నా. ఇంకెవడో నడుపుతున్నాడు. మలుపులో గేరు గీరుతున్నాడు వెధవ. పిల్లలు నా కిటికీవైపు చూసి చేతులూపుతున్నార్రా. మళ్లీ ఆ సీట్లో కూర్చోకుండానే పోతానేమో అనిపిస్తోంది."

"ఇదీ! ఇదే టాన్యాతో చెప్పు."

"ఛీ, గేరు సంగతి దానికెందుకురా!"

శిక్షణ విఫలమైంది. దాంతో మిగిలింది ఆఖరి మెట్టు. దీన్ని సమాన స్థాయి వైద్య సంభాషణ అంటారు. వైద్యం చేసే డాక్టరు, కంపెనీ తరఫున తనకు సమానమైన డాక్టరుతో ఫోన్లో మాట్లాడి ఒప్పించుకోవచ్చు. థార్సన్‌కు సమానుడిగా కంపెనీ నియమించినాయన డాక్టర్ ప్రెస్కాట్ గాడ్. పాదాల వైద్యుడు, అందులోనూ మడమల నిపుణుడు. (మడమల విషయంలో ఆయనకు తిరుగులేదని నేనూ విన్నాను.) థార్సన్ గదిలో స్పీకరు పెట్టి, మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"డాక్టర్ థార్సన్, ఇక్కడొక గందరగోళం ఉందండీ. జబ్బేమో తలలో అంటున్నారు. రంధ్రమేమో మణికట్టులో అంటున్నారు. రెంటిలో ఏది ఖాయం చేసుకోమంటారు?"

"రెండూనండి. చేతి రక్తనాళంలోంచి పైకి వెళ్తాం."

"అంత చుట్టుదారి దేనికి?"

"ఇదే దగ్గర దారి. ఇంకోటి తొడ మొదలు నుంచి."

అవతల కాసేపు టకటకమని మీటలు నొక్కిన చప్పుడు.

"ఇదిగో దొరికింది చిక్కు. మీ ఆసుపత్రిలో తల మా నెట్‌వర్క్‌లో ఉంది. మణికట్టు లేదు. చేతుల ఒప్పందం వేరే ఆసుపత్రితో ఉంది."

"అంటే గొట్టం అక్కడ దూర్చి, మిగతాది ఇక్కడ చెయ్యమంటారా?"

"మంచి ఆలోచన. పరిశీలనకు పంపుతాను."

థార్సన్ కళ్లు మూసుకుని, మళ్లీ తెరిచింది. "డాక్టర్ గాడ్, ఈ బుడగ పగిలితే ఈ మనిషి బతక్కపోవచ్చు. బతికినా మామూలు మనిషి కాకపోవచ్చు."

"అయ్యో, మీరు అనవసరంగా కంగారు పడుతున్నారు." ఆయన గొంతులో నిజంగానే దయ ఉంది. "పగిలితే అది అత్యవసరం అవుతుంది కదా. అత్యవసరానికి మా అనుమతే అక్కర్లేదు. ఆ విషయంలో మా కంపెనీ చాలా ఉదారంగా ఉంటుంది."

నేను నోరు తెరిచేలోగా అక్క స్పీకరువైపు వంగింది. "చాలా థాంక్సండీ డాక్టరు గారూ. మీ టైమంతా తినేశాం." ఇంటికొచ్చేటప్పుడు కారులో, ఆయన చిరునామా దొరికితే యాలకుల రొట్టె పంపుదామా అని కూడా అడిగింది.

కంపెనీ విధించిన చివరి షరతును మా అక్క చర్చి నేలమాళిగలో, చేపల విందు జరుగుతుండగా పూర్తి చేసింది. బంగాళాదుంపల పళ్లెం పట్టుకుని వరసలో వడ్డిస్తోంది. ఆగింది. పళ్లెం ఒలక్కుండా బల్లమీద పెట్టింది. "రేనో, తల..." అంది. అమ్మ అన్న మాటే. మా అక్క కూలిపోతుంటే పట్టుకున్నాను గానీ, ఆ క్షణాన నేను మళ్లీ బూట్ల తాళ్లు కట్టుకోవడం రానివాణ్నే.

డాక్టర్ థార్సన్ ఆ రోజే మణికట్టులోంచి వెళ్లి, బుడగను తీగ చుట్టలతో మూసింది. ఆ మణికట్టు ఎవరి నెట్‌వర్క్‌లో ఉందని ఎవరూ అడగలేదు. కంపెనీ మాట తప్పలేదు, ఉదారంగానే ఉంది. అక్క బతికింది. ఆమె కళ్లు తెరిచిన వారంలోనే మొదటి దరఖాస్తు మీద తుది నిర్ణయం కూడా వచ్చింది. పునఃపరిశీలన అనంతరం, ప్రత్యేక సందర్భంగా భావించి, మణికట్టుకు అనుమతి మంజూరు చేశారు.

అయితే పగిలిన చోటు పక్కనే మాటలుండే చోటు ఉంది. అక్కకు అన్నీ అర్థమవుతున్నాయి, కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి (కాలివేళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు), మాటలే పోయాయి. నా పేరు పిలవబోతే గాలి వస్తుంది. కాఫీ అడగాలంటే వేలు చూపిస్తుంది. అలా రెండ్రోజులయ్యాక ఒక నర్సు లోపలికొచ్చి, అలవాటుగా "ఎలా ఉన్నారమ్మా?" అంది. మా అక్క చక్కగా, స్పష్టంగా చెప్పింది.

"పర్లేదమ్మా. ఇంతకంటే ఘోరంగా ఉండొచ్చుగా."

నేను ఎగిరి గంతేశాను. థార్సన్ నన్ను పక్కకు తీసుకెళ్లింది.

"జీవితమంతా అని అని అరిగిపోయిన మాటలు కొన్ని మిగులుతాయి రేనో. అవి మాటలు కావు, అలవాటు. మిగతావన్నీ మళ్లీ నేర్పాలి. మాటల చికిత్స వెంటనే మొదలుపెడితే చాలావరకు తిరిగొస్తాయి. ఆలస్యం చేస్తే చెప్పలేను."

"బస్సు?"

"పిల్లల్ని పేరు పెట్టి పిలవగలగాలి కదా ముందు."

మాటల చికిత్సకు అనుమతి కోరాం. టాన్యా ఫోన్ చేసింది. జలుబు తగ్గినట్టుంది, గొంతు తేటగా ఉంది. అక్క మాట్లాడలేకపోతోందమ్మా, అందుకే కదా అడుగుతున్నాం అని నేను మొత్తుకున్నాను.

"నిజమేనండీ, నాకూ బాధగానే ఉంది. కానీ నియమం ప్రకారం రోగితోనే మాట్లాడాలి. ఒక్కసారి ఇస్తారా?"

ఫోన్ అక్క చెవి దగ్గర పెట్టాను.

"వెర్నా గారూ, మీ తేనె భలే పనిచేసిందండీ! ఇప్పుడు ఎలా ఉన్నారు?"

అక్క నావైపు చూసింది. వంటింట్లో నేను నేర్పినవన్నీ ఆమె కళ్లలో కనబడ్డాయి. తల పోటు, భయం, కిటికీ, పిల్లలు, గేరు గీరే వెధవ. ఈసారి చెబుదామనే అనుకుంది, ఒట్టు. పెదాలు కదిలాయి, మెడ నరాలు బిగిశాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పర్లేదమ్మా," అంది మా అక్క. "ఇంతకంటే ఘోరంగా ఉండొచ్చుగా."

కంపెనీ నిర్ణయం వెంటనే వచ్చింది. రోగి మా ప్రతినిధితో తన పరిస్థితిని పూర్తి వాక్యాలలో, తడబాటు లేకుండా, మర్యాదగా వివరించారు. మాటల చికిత్స అవసరం కనబడదు. ఈ నిర్ణయంపై అభ్యంతరం ఉంటే రోగి స్వయంగా ఫోన్ చేసి, తన ఇబ్బందిని తన సొంత మాటల్లో చెప్పుకోవచ్చు.