డ్రెడ్జర్స్ జట్టు మా మాట విన్న ఏడాది

మనుషులు ఈ భూమ్మీద చేసుకున్న ఏర్పాట్లన్నిటిలోకీ న్యాయమైనది ఫుట్‌బాల్ డ్రాఫ్టు. దాని సూత్రం చాలా చిన్నది. ఏడాదంతా ఆడి ఎవరు అందరికన్నా ఘోరంగా ఓడిపోయారో, కాలేజీల్లోంచి వచ్చే కుర్రాళ్ళలో అందరికన్నా మంచివాణ్ణి ముందుగా వాళ్ళకిస్తారు. గెలిచినవాళ్ళు వరస చివర్న నిలబడి మిగిలినవాళ్ళలోంచి ఏరుకోవాలి. కుర్రాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అడగరు. ఇదే పద్ధతి పెళ్ళిళ్ళకు పెట్టి ఉంటే ఊళ్ళోకెల్లా పనికిమాలినవాడికి మొదటి పిలుపు వెళ్ళేది. (నా పెళ్ళి ఆ పద్ధతిలోనే జరిగిందని మా అమ్మ పోయేదాకా నమ్మింది.)

ఫుట్‌బాల్ అంటే బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆట. కాలితో తన్నే ఆట ఇంకోటి ఉందట, మిగతా ప్రపంచం దాంతో సరిపెట్టుకుంటోంది.

మా ఊరు పోర్ట్ వెండెల్. మా జట్టు డ్రెడ్జర్స్. సరస్సు రేవులో అడుగున పేరుకున్న బురదను తోడే పడవల మీద పెట్టిన పేరు. ఆ పేరుకు మచ్చ రాకుండా ప్రతి ఏడూ అడుగుకే వెళ్తారు. అందువల్ల దాదాపు ప్రతి ఏప్రిల్‌లోనూ మొదటి ఎంపిక మాదే. ఆ మొదటి ఎంపికతో మావాళ్ళు ఏం చేస్తారంటే, ఒక క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకుంటారు. అంటే బంతి విసిరేవాడు. పోస్టర్ల మీద వాడి మొహమే వేస్తారు కాబట్టి మొహం బాగుండాలి. విసిరేవాడి ముందు ఐదుగురు బండమనుషులు వరసగా నిలబడి, మీదికి దూకేవాళ్ళను తోసెయ్యాలి. వాళ్ళ మొహాలు ఎవరికీ అక్కర్లేదు కనుక వాళ్ళను మావాళ్ళు ఎప్పుడూ కొనలేదు. ఆ ఐదు చోట్లా ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళను నిలబెడతారు.

నేను చదివింది ఎనిమిదో క్లాసు. అయినా డ్రెడ్జర్స్‌కు వచ్చిన ప్రతి విసిరేవాడి పేరూ, వాడి తల్లి పేరూ, ఏ ఎముక ఏ ఆదివారం విరిగిందీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. టెక్సస్ నుంచి ఒక బంగారు జుట్టువాడొచ్చాడు, ముత్యాల్లాంటి పళ్ళు. ఆ పళ్ళు అక్టోబరు దాకా ఉన్నాయి. వాడి తర్వాత వచ్చిన క్లిఫ్టన్ మెరిల్ కొండ అవతలికి కూడా విసరగలడన్నారు. విసిరే తీరిక వాడికి ఒక్కసారీ దొరకలేదు, పాపం. ఇప్పుడు వాడు మా వీధి చివర కార్ల ఇన్సూరెన్సు చేస్తున్నాడు. వెనకనించి ఎవరైనా తలుపు తీస్తే బల్ల కింద దూరతాడు. అయినా మంచి పిల్లాడు, నా పాలసీ వాడి దగ్గరే.

కాబట్టి గత నలభై ఏళ్ళుగా నా అభిప్రాయం ఒక్కటే. ముందు అడ్డం నిలబడేవాణ్ణి తీసుకోండిరా, గార్డును తీసుకోండి. టీవీకి చెప్పాను. రేడియోవాళ్ళకు చెప్పాను. ఈస్టర్ నాడు గుడి మెట్ల మీద జట్టు యజమాని ఎదురుపడితే పండగ శుభాకాంక్షలు చెప్పి, వెంటనే అదే చెప్పాను. ఆయన టోపీ తీసి నమస్కారం పెట్టి, ఆ ఏప్రిల్‌లో ఇంకో విసిరేవాణ్ణి తెచ్చాడు.

ఇలా అభిప్రాయాలు చెల్లాచెదురుగా వృథా అయిపోతున్నాయని జట్టువాళ్ళకు బెంగ పట్టుకుంది. 'అభిమానుల అభిప్రాయాల స్వీకరణ మరియు ఆలకింపు విభాగం' అని ఒకటి తెరిచి, ఫోన్‌లో ఒక యాప్ పెట్టారు. అప్పట్నించీ అభిప్రాయం ఉన్నవాళ్ళు నోటితో చెప్పకూడదు. ముందు పడవలున్న బొమ్మలన్నీ నొక్కి మనిషినని రుజువు చేసుకోవాలి. (సగం మునిగినది పడవ కిందికి వస్తుందా రాదా అన్నది మా ఊళ్ళో ఇంకా తేలలేదు. ఎక్కువమంది అక్కడే ఆగిపోయారు.) ఆ తర్వాత రెండు వాక్యాల్లో అభిప్రాయం రాయాలి. అది మొదట 'చేరింది' అవుతుంది, తర్వాత 'పరిశీలనలో' అవుతుంది, చివరికి 'విన్నాము' అవుతుంది. 'విన్నాము' అయిన అభిప్రాయం మళ్ళీ చెప్పడానికి వీల్లేదు. స్టేడియంలో వెక్కిరింపుగా 'బూ' అని అరవడం కూడా అభిప్రాయమేనని, ఒక్కో అరుపు ఎనిమిది సెకన్లు మించకూడదని నియమం పెట్టారు. మా మరిది ఆస్కర్‌కు ఊపిరి ఎక్కువ, మొదటి వారమే హెచ్చరిక అందుకున్నాడు.

ఇంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. చిక్కల్లా మా టాడెక్ వల్ల వచ్చింది.

టాడెక్ మా అమ్మాయి రెనాటా కొడుకు. బాప్టిజం నాడే ఫాదర్‌గారు వాణ్ణి ఒక చేత్తో పట్టుకోలేక నీళ్ళు ఇంకొకరిని పొయ్యమన్నారు. అలా పెరిగి పెరిగి కాలేజీ జట్టులో గార్డు అయ్యాడు. మూడేళ్ళపాటు వాడి పక్కనుంచి ఒక్కడు కూడా దూరి విసిరేవాణ్ణి ముట్టుకోలేదు. టీవీలో సూట్లు వేసుకున్న పెద్దమనుషులు ఈ దేశంలో ఇప్పుడున్న గార్డుల్లో వీడే మేటి అన్నారు. గార్డులను ముందే ఎవరూ తీసుకోరు కనుక నెమ్మదిగా వరస చివర్న, దక్షిణాదిలో ఎండ కాసే ఊరి జట్టుకు వెళ్తాడని కూడా అన్నారు. ఆ జట్టు గెలిచి గెలిచి ఆఖరి నంబరు తెచ్చుకుంది. అక్కడి వైద్యులు ఆటగాళ్ళ మోకాళ్ళను గుడ్లలా చూసుకుంటారట. రెనాటా ఆ జట్టు రంగులో ఒక జాకెట్టు కూడా కొనుక్కుంది.

డ్రెడ్జర్స్‌లో గార్డు మోకాళ్ళ సంగతి మాకు వేరే చెప్పక్కర్లేదు. లీరాయ్ బాస్కమ్ అని మంచి గొంతున్న కుర్రాడు, నాలుగేళ్ళు ఆడాడు. ఇప్పుడు గుడిలో పాటల బృందం మేడ మీద పాడుతుంటే, వాడు కింద బల్ల మీద కూర్చుని పాడతాడు. మెట్లెక్కలేడు. వాడికింకా ముప్పై నిండలేదు.

అంటే మా ఇంటి పరిస్థితి ఏమిటంటే, నలభై ఏళ్ళుగా నేను అడుగుతున్న గార్డు మా వంటింట్లోనే కూర్చుని పియరోగీలు, అంటే ఆలుగడ్డ కూరి ఉడికించిన కజ్జికాయలు, తింటున్నాడు. వాణ్ణి మా జట్టు తీసుకోకుండా చూడాలి. పేరు పిలిచాక వెళ్ళనంటే కుదరదు, ఏడాదిపాటు ఇంట్లో కూర్చోవాలి.

మార్చిలో రెనాటా పిండి ఒత్తుతూ విషయం తేల్చింది.

"అమ్మా, ఈ ఏడాది నీ పాట మార్చు. విసిరేవాడే కావాలని రాయి."

"పిచ్చిదానా, రాస్తే ఏమవుతుందో తెలుసా? వాళ్ళు నేను చెప్పినదానికి ఎదురే చేస్తారు. విసిరేవాణ్ణి అడిగితే గార్డును తెస్తారు."

"నువ్వు చెప్పావని చేస్తారా, మానేస్తారా? నువ్వెవరో వాళ్ళకు తెలుసా అసలు?"

"నలభై ఏళ్ళలో ఒక్కసారి తప్పిందేమో చెప్పు."

ఆస్కర్ నా పక్షమే మాట్లాడాడు. వాడు నేనన్న ప్రతిదానికీ అడ్డం వచ్చే మనిషి, వాడే ఒప్పుకున్నాడంటే ఇక సందేహం ఎందుకు? వదిన గార్డు గార్డు అని అరిచినంత కాలం టాడెక్‌కు ఢోకా లేదని, ఇంకా గట్టిగా అరవాలని, అవసరమైతే ఊరంతా అరవాలని చెప్పాడు. పోర్ట్ వెండెల్‌లో ఎవరినడిగినా అదే చెబుతారు. జట్టు మన మాట వినదన్నది మా ఊళ్ళో వాతావరణం లాంటిది. దాన్ని బట్టి గొడుగు తీసుకెళ్తాం.

టాడెక్ మాత్రం ఇంకో పళ్ళెం పెట్టమన్నాడు.

అలా మేము పనిలోకి దిగాం. శుక్రవారాలు గుడి హాల్లో పెట్టే చేపల విందులో ప్రతి బల్ల దగ్గరా ఆగి, పిల్లాడి మోకాళ్ళ కోసం యాప్‌లో 'గార్డునే తీసుకోండి, మా టాడెక్‌నే తీసుకోండి' అని రాయండని బతిమాలాను. అందరికీ మతలబు వెంటనే అర్థమైంది, ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు. క్లిఫ్టన్ మెరిల్ తన ఆఫీసుకు వచ్చినవాళ్ళందరిచేతా రాయించాడు. ఫాదర్‌గారు ప్రార్థన అయ్యాక ప్రకటనల్లో చదివారు. నేను రేడియోకు ఫోన్ చేసి, డ్రెడ్జర్స్‌కు ఏమాత్రం బుద్ధి ఉన్నా మొదటి ఎంపికగా టాడెక్‌నే తీసుకోవాలని ఎంత గట్టిగా చెప్పానంటే, వాళ్ళు నాకు కాఫీ కప్పు బహుమానంగా పంపారు. సగం మునిగిన పడవ దగ్గర ఆగిపోయినవాళ్ళు కూడా ఈసారి ఎలాగో దాటారు. ఊరు ఊరంతా ఒకే మాట మీద నిలబడటం వరదలొచ్చిన ఏడాది తర్వాత ఇదే.

మాకెవరూ చెప్పని సంగతి ఒకటుంది. జనవరిలో ఆలకింపు విభాగానికి కొత్త ఉపాధ్యక్షుడొచ్చాడు. పేరు బ్రాడ్‌లీ హంట్‌జింగర్. అంతకుముందు పరుపులు అమ్మేవాడు. కొనేవాళ్ళు మెత్తటిది అడిగితే మెత్తటిది, గట్టిది అడిగితే గట్టిది ఇచ్చి పైకొచ్చిన మనిషి. ఫుట్‌బాల్ గురించి ఏమీ తెలియదు కనుక, అభిమానులు అడిగింది ఇవ్వాలని నమ్మేవాడు. అలాంటివాణ్ణి డ్రెడ్జర్స్ ఎలా లోపలికి రానిచ్చిందో ఇప్పటికీ విచారణ జరగాల్సిన విషయమే.

డ్రాఫ్టు సాయంత్రం అందరం గుడి హాల్లో చేరాం. పెద్ద టీవీ పెట్టారు. వేయించిన పెర్చ్ చేపలు, క్యాబేజీ, బీరు. టాడెక్ టై కట్టుకుని మధ్య బల్ల దగ్గర కూర్చున్నాడు, కుర్చీలు రెండు కలిపి. రెనాటా ఎండ ఊరి రంగు జాకెట్టు వేసుకుంది. మా వంతు మొదటిది కనుక, ఆలోచించుకోవడానికి జట్టుకు పది నిమిషాలిచ్చారు. నెలల ముందే ఓడిపోయి తీరిగ్గా ఆలోచించుకునే వీలున్నా సరే, ఆ పది నిమిషాలు ఇవ్వడం ఆనవాయితీ. మావాళ్ళు మనసు మార్చుకుని చెడగొట్టుకునేది ఎప్పుడూ ఆ పది నిమిషాల్లోనే. ఆ ఆశతోనే నేను కాస్త నిశ్చింతగా ఉన్నాను.

టీవీలో పెద్దాయన వేదిక ఎక్కి, డ్రెడ్జర్స్ తమ అభిమానుల మాట విన్నారని, ఇలాంటిది ఈ ఆటలో మొదటిసారి అని చెప్పి, మా టాడెక్ పేరు చదివాడు.

ఆ పేరు కోసం ఆరు వారాలు చెమటోడ్చిన హాలు మొత్తం ఒక్కసారిగా లేచి 'బూ' అని అరిచింది. ఎవరినీ తప్పు పట్టను. పోర్ట్ వెండెల్‌లో మొదటి పేరు వినగానే అరవడం నోటికి అలవాటు, మెదడుకు దాంతో సంబంధం లేదు. ఫాదర్‌గారు అరిచారు. క్లిఫ్టన్ అరుస్తూనే బల్ల కింద దూరాడు. ఆస్కర్ ఎనిమిది సెకన్లు దాటేశాడు. అందరికన్నా ముందు వినిపించిన గొంతు నాదేనని తర్వాత రెనాటా చెప్పింది.

టాడెక్ లేచి నిలబడ్డాడు. అరుపులు ఆగేదాకా ఊరుకుని, డ్రాఫ్టువాళ్ళు ముందే పంపిన అన్ని జట్ల టోపీల్లోంచి డ్రెడ్జర్స్‌ది తీసి పెట్టుకున్నాడు. అది వాడి తలకు చిన్నది. నా దగ్గరకొచ్చి వంగాడు.

"నన్ను క్షమించరా," అన్నాను. "ఎప్పటిలా విననే వినరనుకున్నాను."

"నాకు నచ్చింది అమ్మమ్మా. చిన్నప్పట్నించీ నీ పక్కన కూర్చుని వాళ్ళు పడిపోవడమే చూశాను. ఎవడో ఒకడు అడ్డం నిలబడాలి కదా."

నలభై ఏళ్ళుగా నేను చెబుతున్న మాట అది. రెనాటా లేచి, ఇంకా ఎవరూ తినని పళ్ళేలు కడగడానికి వెళ్ళిపోయింది.

సెప్టెంబరులో ఆట మొదలైంది. టాడెక్ నిలబడ్డాడు. వాడి మీదుగా ఎవరూ రాలేదు. నా జీవితంలో మొట్టమొదటిసారి డ్రెడ్జర్స్ విసిరేవాడు ఆటంతా నిటారుగా, బట్టలు నలగకుండా నిలబడి కనిపించాడు. అలా నిలబడటం వల్ల ఒక విషయం బయటపడింది. మా విసిరేవాడికి విసరడం రాదు. ఇన్నేళ్ళూ ఎవరూ అంతసేపు నిలబడలేదు కాబట్టి ఆ సంగతి తెలుసుకునే అవకాశమే రాలేదు. ముప్పై ఒక్క పాయింట్ల తేడాతో ఓడిపోయాం. ఆట అయ్యాక యజమాని విలేకరులతో మాట్లాడుతూ, ఇది అభిమానుల ఎంపిక అని, తాము కేవలం విన్నామని సవినయంగా చెప్పుకున్నాడు. నలభై ఏళ్ళు వినకుండా ఓడినప్పుడు తప్పెవరిదని ఎవరూ అడగలేదు.

మూడో ఆదివారం మూడోసారి ఓడిపోయాక టాడెక్ మా ఇంటికి భోజనానికొచ్చాడు. కుడి మోకాలు తలుపు దగ్గరే చూశాను, బ్రెడ్డు పిండిలా పొంగింది. జట్టు వైద్యుడు ఏమన్నాడని అడిగితే, వచ్చే ఆదివారం దాకా చూద్దామన్నాడని చెప్పాడు. రెనాటా వాడి కాలు కుర్చీ మీదికెత్తి ఐసు పెట్టింది.

అప్పుడే ఫోన్ మోగింది. ఆలకింపు విభాగం నుంచి, మనిషి కాదు, రికార్డు చేసిన గొంతు. మా రికార్డుల ప్రకారం మీ అభిప్రాయం అమలైంది, అభినందనలు అంది. డ్రెడ్జర్స్ ఈ ఏడాది చేసిన ఎంపిక, ఆటగాళ్ళను చూసుకుంటున్న తీరు, వీటి మీద మీ తృప్తిని ఒకటి నుంచి ఐదు వరకూ ఉన్న అంకెల్లో ఒకటి నొక్కి తెలపాలంది. ఐదు అంటే ఎంతో తృప్తి. జవాబులు పేర్లతో సహా కోచ్‌కు చేరతాయని కూడా అంది.

"ఒకటి నొక్కు వదినా," అన్నాడు ఆస్కర్. "సున్నా ఉందేమో చూడు ముందు."

చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. విసిరేవాడి గురించి ఉంది. పరుపుల ఉపాధ్యక్షుడి గురించి ఉంది. ఆదివారం దాకా చూద్దామన్న వైద్యుడి గురించయితే రెండు వాక్యాలు చాలవు. నలభై ఏళ్ళలో నా అభిప్రాయం ఇంత స్పష్టంగా ఎన్నడూ లేదు.

ఐదు నొక్కాను. పిల్లాడు వాళ్ళ దగ్గరున్నాడు కదా.