మూడించుల పైపు

విజేందర్‌కు ఒక్క చెడ్డ అలవాటూ లేదని నల్లగొండలో వాళ్ల వీధి వీధంతా నవనీతను అదృష్టవంతురాలంటుంది. తాగడు, పేకాడడు, పరాయి ఆడవాళ్లను కన్నెత్తి చూడడు. తాగే మొగుడైతే తాగాక కనీసం నోరు మూసుకుని పడుకుంటాడు కదా అని నవనీత బాధ. ఈయన మెలకువగా ఉన్నంతసేపూ కారు గురించే మాట్లాడతాడు.

టైల్స్ దుకాణం బాగా నడిచిన ఏడాది కొన్నాడా కారును. జర్మనీలో పుట్టి, హైదరాబాద్‌లో ఇద్దరి చేతులు మారి వచ్చిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. పసుపు రంగు. అందులో కూర్చోవడమంటే పీట మీద కూర్చోవడం, దిగడమంటే బావిలోంచి పైకి రావడం. అన్నీ బాగున్నాయి కానీ చప్పుడు లేదు. క్లాక్ టవర్ దగ్గర రెండు చుట్లు తిప్పినా ఒక్క మనిషీ తల తిప్పలేదట. అందుకని బయటి కంపెనీ సైలెన్సర్ బిగించాలని మూడు నెలలుగా వెతుకుతున్నాడు. లోకమంతా దాన్ని సైలెన్సర్ అంటుంది. చప్పుడు చేసేదానికి ఆ పేరేమిటని విజేందర్ మాత్రం పట్టుబట్టి ‘పైపు’ అంటాడు. కొంప ముంచింది ఆ పట్టుదలే.

ఆ ఆదివారం పొద్దున పని చాలా చిన్నది. పదకొండింటికి హైదరాబాద్ దుకాణం నుంచి నాగరాజు ఫోన్ చేస్తాడు. ఆలోగా రెండున్నర ఇంచుల పైపా, మూడించులదా తేల్చాలి. నవనీత సర్వపిండి ఒత్తుతుంటే విజేందర్ ఫోన్ తెచ్చి ఆమె చెవి దగ్గర పెట్టాడు.

“జర విను. ఇది రెండున్నర. ఇగో, ఇది మూడు. ఏది మంచిగున్నది?”

“రెండూ యాదలక్ష్మక్క గిర్నీల మిరపకాయలు పట్టినట్టే ఉన్నయి.”

“నీకు చెవులు లేవు. మూడించులది లోపటి నుంచి గుడగుడమంటది. గేరు దించితే పటపట పేలుతది.”

“పోలీసోళ్లు ఆపితే?”

“వాల్వ్ ఉంటది. వాళ్లను చూడంగనే బంద్ జేస్త.”

“గా వాల్వ్ నీ నోటికి గూడ దొరుకుతదేమో అడుగు.”

విజేందర్ అలిగి వరండాలోకి పోయాడు. అప్పుడే దేవరకొండ దగ్గరి ఊరి నుంచి అత్త అండాలమ్మ ఫోన్ వచ్చింది.

“పిలగాడేం జేస్తుండు బిడ్డా?”

“పైపు పసంద్ చేస్తుండు అత్తమ్మా. రెండున్నర ఇంచులదా, మూడించులదా అని. మూడు నెలల సంది అదే రంది.”

‘కారు పైపు’ అనాలని నవనీతకు తోచకపోలేదు. అంటే కారుకు పైపెందుకో మొదటి నుంచీ చెప్పాలి, ఈలోగా పిండి ఆరిపోతుంది. చెప్పలేదు.

అండాలమ్మ అరిచినంత పని చేసింది. “మూడించులా! నా బంగారు కొండ! మాకొక్క మాటన్నా చెప్పకపాయె” అని ఫోన్ పెట్టేసింది. కారంటే అత్తకింత ప్రేమ ఎప్పటి నుంచని నవనీత ఆశ్చర్యపోయింది.

దేవరకొండ మెట్టల్లో పైపంటే బోరు పైపే. ఇంచులంటే బోరులో పడే నీళ్లే. ఇంచు నీళ్లు పడితే అదృష్టం, రెండు పడితే యాట కోసి విందు పెడతారు, మూడు పడ్డవాణ్ణి ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. ఈ సంగతి నవనీతకు తెలియక కాదు. చేతికి పిండి ఉన్నప్పుడు గుర్తుకు రాలేదంతే.

పది నిమిషాలకు మామ ఎల్లస్వామి నేరుగా కొడుక్కే ఫోన్ చేశాడు. వరండాలోంచి విజేందర్ మాటలు వంటింట్లోకి వినిపిస్తూనే ఉన్నాయి.

“మూడించులేనారా? అంత ఉంటదంటవా?”

“ఉంటది బాపు. నేను చెవులతోని విన్న.”

“విన్నవా? లోపటి నుంచి వినిపిస్తదా?”

“అవు బాపు. గుడగుడ గుడగుడ అంటది. అన్నిటికి మిషన్లున్నయిప్పుడు.”

“అయితే ఆలస్యమెందుకు? ఇయ్యాలనే కానిద్దామా?”

“నువ్వు సరే అంటే ఇయ్యాలనే ఖాయం బాపు.”

ఫోన్ పెట్టి లోపలికొచ్చిన విజేందర్ కళ్లు తడిగా ఉన్నాయి. “మా బాపు ఇన్నేండ్లకు నా కారు గురించి అడిగిండు. మూడించులే తీస్కోమన్నడు.”

నవనీతకు ఎక్కడో తేడా కొట్టింది. ఏమిటో తెలిసేసరికి పది దాటింది. అండాలమ్మ మళ్లీ ఫోన్ చేసింది. “బోరుబండి హాలియ నుంచి దగ్గరిదాంక వచ్చింది బిడ్డా. నీళ్లు చూసే తిరుమలగిరి నర్సింహ వచ్చి అరచేతుల టెంకాయ పెట్టుకొని చెల్కంత తిరుగుతుండు. పిలగాడొచ్చి కొబ్బరికాయ కొడితేనే మొదలుపెడ్తరట. ఊరంత ఈడనే ఉన్నరు. జల్ది రాండ్రి!”

నవనీత చేతిలోని అట్లకాడ కింద పడింది.

రెండేళ్ల కింద ఎల్లస్వామి మూడు బోర్లు వేయించాడు. మూడింటిలోనూ దుమ్మే లేచింది. బత్తాయి తోట సగం ఎండింది. హోటల్లో ఎవడో “ఎల్లన్నా, దుమ్ము పార్సిల్ ఇస్తవా?” అన్నాడట. అప్పటి నుంచి ముసలాయన చాయ్ తాగడానికి కూడా ఆ హోటల్ గడప తొక్కలేదు. ఇన్నాళ్లకు మళ్లీ ఊరందరినీ పిలిచి, తన కొడుకు మూడించుల నీళ్లు చెవులతో విన్నాడని చెప్పుకుంటున్నాడు. ఆ నీళ్లు కారు పొగ అని తెలిస్తే ఆయన ఊళ్లో తలెత్తుకుంటాడా?

అత్తకు ఫోన్ చేసింది. ఎవరో ఎత్తి “నర్సింహన్నను వీడియో తీస్తున్నం, మల్ల చెయ్యి” అని పెట్టేశారు. మామకు చేసింది. “వినవడ్తలేదు బిడ్డా, బండొచ్చింది!” అన్నాడాయన, పెళ్లిమండపంలో తండ్రిలా. మూడోసారి చేసేసరికి సిగ్నల్ లేదు.

సంగతి విని విజేందర్ సోఫాలో కూలబడ్డాడు. “నాగరాజు పదకొండింటికి ఫోన్ చేస్తడు గద?”

“మామయ్య పరువు పోతాంటే నీకు నాగరాజు కావాల్నా? లేవయ్యా!”

ఇద్దరూ ఆ పసుపు కారులోనే బయల్దేరారు. నాగరాజు మూడుసార్లు ఫోన్ చేశాడు, విజేందర్ మూడుసార్లూ కట్ చేశాడు. బోరుబండి ఒంటిగంట దాకే ఆగుతుందని అత్త ఫోన్‌లోంచి ఎవరో మెసేజ్ పెట్టారు; తిరిగి అసలు సంగతి రాస్తే చదివేదీ వాళ్లే. దేవరకొండ దాటి, తారు రోడ్డు అయిపోయి, చెలక బాట మొదలైంది. జానెడెత్తు కారుకు ఆ బాటలో ప్రతి రాయీ ఒక గుట్టే. తోట కనిపిస్తుండగా కింద ‘ఖణేల్’ అంది. మరుక్షణం ఆకాశం చిరిగినట్టు చప్పుడు. కొంగలు లేచిపోయాయి. మేకలు తాళ్లు తెంపుకున్నాయి. వెనకాల దుమ్ములో, కారు కడుపులోంచి ఊడిన పైపు పడి ఉంది.

మూడు నెలలుగా విజేందర్ కలగన్న చప్పుడు అంతకు పదింతలై ఉచితంగా వచ్చింది. అతను మాత్రం రెండు చెవులూ మూసుకున్నాడు.

“ఇంకో బోరుబండి వస్తాందిరో!” అని చెలకలోంచి ఎవరో కేక వేశారు. ఊరంతా ఇటు తిరిగింది. విజేందర్ ఇంజన్ ఆపి, కాలుతున్న పైపును తువ్వాలలో చుట్టుకుని నడిచాడు. ఎల్లస్వామి ఎదురొచ్చాడు. తెల్ల అంగీ, కొత్త పంచె.

“ఇదేనారా పైపు? ఇది మూడించులు లేదు గద.”

విజేందర్ నోరు తెరిచి మూశాడు. వాల్వ్ ఎట్టకేలకు దొరికినట్టుంది. నవనీత మామను ఎండిన బత్తాయి చెట్టు వెనక్కి తీసుకుపోయింది.

“మామయ్యా, నేను అత్తమ్మకు సగమే చెప్పిన. అది బోరు పైపు కాదు. కారుది. పొగగొట్టం.”

“మరి నీళ్లు విన్ననన్నడు?”

“కారు సప్పుడు విన్నడు.”

ఎల్లస్వామి జనం వైపు చూశాడు. బోరుబండి వైపు చూశాడు. కండువాతో మొహం తుడుచుకుని అన్నాడు: “ఫికర్ చెయ్యకు బిడ్డా. బండిని వాపస్ పంపుదం. ముసలోనికి చెవుడొచ్చింది, తప్పు విన్నడని చెప్త. పిలగాని పేరు తియ్య.”

“అందరు నవ్వుతరు మామయ్యా.”

“నవ్వనీ. నాకు అలవాటైంది. వానికి లేదు.”

విజేందర్ పైపు పట్టుకుని సరిగ్గా వాళ్ల వెనకే నిలబడి ఉన్నాడు. విన్నాడు. అతని జేబులో ఫోన్ నాలుగోసారి మోగింది.

“అన్నా, చెప్పు. రెండున్నరా, మూడా?” నాగరాజు గొంతు పక్కవాళ్లకు కూడా వినిపించింది.

“రెండూ వద్దన్నా. సప్పుడొచ్చింది.”

“ఎక్కడ వేయించినవ్?”

“రాయి వేసింది.”

ఫోన్ జేబులో పెట్టుకుని తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. “బండి ఎక్కడికీ పోదు బాపు. కొబ్బరికాయ ఏది?”

“వద్దురా. మల్ల దుమ్మే లేస్తే?”

“లేస్తే ఇద్దరం కలిసి హోటల్‌కు పోయి చాయ్ తాగుదం. ఎవడు నవ్వుతడో చూస్త.”

కాయ ఒక్క దెబ్బకే పగిలింది. బోరుబండి అరవడం మొదలుపెట్టింది. వంద అడుగులు దుమ్ము. నూటయాభై, దుమ్ము. ఎల్లస్వామి కండువా కొస నములుతూ కూర్చున్నాడు. రెండు వందలు దాటాక లేచే దుమ్ము రంగు మారి, తడిసి, బురదై ఎల్లస్వామి తెల్ల అంగీ మీద పడింది. ఆయన తుడుచుకోలేదు. ఎన్ని ఇంచులో ఎవరికీ తెలియదు, అసలు నిలుస్తుందో లేదో కూడా.

విజేందర్ వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. తువ్వాలలో పైపు ఇంకా అలాగే ఉంది. నేల చూస్తూ అన్నాడు: “తప్పు నాదే నవనీతా. మూడు నెలలు చెవుల ఏం పెట్టుకొని విన్ననో. బాపు బాధ మాత్రం ఒక్కనాడు వినలే.”

బోరుబండి చప్పుడులో కూడా ఆ మాట నవనీతకు స్పష్టంగానే వినిపించింది. అయినా “ఏందీ? వినవడ్తలేదు, జర గట్టిగ చెప్పు” అని రెండుసార్లు చెప్పించుకుంది.